ఎమ్మెల్యే గారికి ఎదురొచ్చిన పిన్ని

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టేంతగా నాకింకా తల నెరవలేదు. కానీ మా విజయవాడలో ఒక ఎన్నికకీ ఇంకో ఎన్నికకీ మధ్య ఒక యుగం గడిచిపోయినట్టుంటుంది కాబట్టి నాకా హక్కు ఉందనే అనుకుంటాను. ఆ రోజుల్లో, అంటే నేను డిగ్రీ పూర్తి చేసి లోకంలో నాకు తెలియనిది లేదనుకునే రోజుల్లో, మా ఎమ్మెల్యే గారి ఆఫీసులో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. ఆయన ఉపన్యాసాలు టైపు చేయడం, ఆయన ఫోటో పక్కన పువ్వులు పెట్టి శుభోదయం చెప్పించడం, వాటిని వాట్సాప్ గ్రూపుల్లోకి తోలడం నా పని. ‘ఆడపిల్ల దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ఉండాలి’ అన్న ఆయన సందేశాన్ని దీపాలు పెట్టాక కూడా ఆఫీసులోనే కూర్చుని ఎన్నిసార్లు పంపానో! (ఆ సంగతి ఆయనకి తట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు.)

ఎమ్మెల్యే గారిది కాలవ కింద వరి పండించే కుటుంబం. ఊళ్ళో రైసు మిల్లు నడిపి, బెజవాడ వచ్చి కాంట్రాక్టులు చేసి, అట్నుంచి రాజకీయాల్లోకి వచ్చారు. ఎక్కడికి వచ్చినా పంచెకట్టు వదల్లేదు, పంచాంగం వదల్లేదు. ప్రేమ పెళ్ళికి తల్లిదండ్రుల సంతకం ఉండాలని అసెంబ్లీలో అడిగిన మనిషి. ఉమ్మడి కుటుంబాలు చెడిపోవడానికి సెల్‌ఫోనే కారణమని సెల్‌ఫోన్లో వీడియో చేయించిన మనిషి. రాహుకాలంలో వచ్చిన ఫోన్ ముఖ్యమంత్రి దగ్గర్నుంచైనా ఎత్తరని చెప్పుకునేవారు. మేమంతా ఆయన్ని చాటుగా ‘ముహూర్తం గారు’ అనేవాళ్ళం. కిందటిసారి అత్తెసరు మెజారిటీతో బయటపడ్డారు. ఈసారి టిక్కెట్టయితే వచ్చింది గానీ గెలుపు మీద నమ్మకం మాత్రం ఎవరికీ రాలేదు.

నమ్మకం లేని చోట అనుమానం కాపురం పెడుతుంది. ఆఫీసులో ఆ కాపురానికి పెద్ద దిక్కు ఎమ్మెల్యే గారి బావమరిది. మేం పెట్టిన పేరు భూతద్దం. ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వారని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని ఆరా తీసేవాడు. టీ తెచ్చినవాడు ముందు ఒక గుక్క తాగి చూపించాలి. నా హ్యాండ్‌బ్యాగ్‌లో దువ్వెనలు చూసి ‘రెండు దువ్వెన్లెందుకమ్మాయ్?’ అని అడిగాడు. అవతలి పార్టీకీ రెండో దువ్వెనకీ సంబంధమేమిటో నాకు ఈనాటికీ అంతు చిక్కలేదు. చివరికి నన్ను నేనే అనుమానించుకునే స్థితికి వచ్చాను.

ఇలా ఉండగా నామినేషన్ దగ్గర పడింది. ఒకరోజు భూతద్దం ఒక పాత వీడియో పట్టుకుని నా కంప్యూటర్ దగ్గరికొచ్చాడు. కిందటిసారి నామినేషన్‌కి ఎమ్మెల్యే గారు గేటు దాటుతుంటే దారిన పోయే ఒక ముత్తైదువ తలలో పూలు, చేతిలో పసుపుపచ్చ అరటిపళ్ళ అత్తంతో సరిగ్గా ఎదురొచ్చిందట. ఆయన గెలుపు కార్యకర్తల కష్టం వల్ల కాదు, ఆ ఎదురు వల్లేనని ఆయనకి గట్టి నమ్మకం. ‘ఈసారి కూడా ఆవిడే ఎదురు రావాలంటన్నారు బావగారు. మొహం పెద్దది చెయ్యి, మనవాళ్ళందరికీ పంపి వెతికిద్దాం’ అన్నాడు. పెద్దది చేశాను. ఇంకా పెద్దది చేశాను. తెర నిండా మా పిన్ని.

‘మా పిన్ని!’ అని అరిచేశాను. నా నోటికి మొదట్నుంచీ నా సలహా అడిగే అలవాటు లేదు.

‘మీ పిన్నా? మరిన్నాళ్ళూ చెప్పలేదేం?’ అన్నాడు భూతద్దం కళ్ళు చిన్నవి చేసి. ‘నాకిప్పుడే తెలిసిందండీ’ అంటే నమ్మలేదు. కానీ అతను ఎమ్మెల్యే గారికి శుభవార్త చెప్పడానికి పరుగెత్తాక గానీ అసలు సంగతి నాకు గుర్తు రాలేదు. మా బాబాయి అంతకు ముందు శ్రావణంలోనే పోయాడు.

నేను పిన్ని ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. బాబాయికి ఆటోనగర్‌లో చిన్న స్పేర్ పార్ట్స్ షాపుండేది. ఆయన పోయాక అది మూతపడింది. ఇల్లు గడిచేది నా ఉద్యోగంతో. ఇప్పుడు నిజం చెబితే, ఎమ్మెల్యే గారి శకునం చెడగొట్టినందుకు ఉద్యోగం పోతుంది. చెప్పకుండా పిన్నిని తీసుకెళ్తే, సంగతి బయటపడినప్పుడు అంతమంది ముందు ఆవిణ్ణి ఏమంటారో. ఇంటికెళ్ళి ఏడుపు మొహంతో చెప్పాను.

పిన్ని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంతా విని, ‘ఎప్పుడు రమ్మన్నారు?’ అంది.

‘వెళ్తావా పిన్నీ!’

‘వెళ్ళక? మన ఎదురింటావిడ నేను బయటికొస్తే చాలు గేటేసుకుని లోపలికి పోతంది. కొడుకు ఇంటర్వ్యూకి బయల్దేరే ముందు నేను గుమ్మంలో ఉన్నానేమోనని తొంగి చూసి మరీ పంపింది. ఎవరికీ కనపడకూడదని సందు చివర కొట్టుక్కూడా పోవడం మానేశాను. ఆ మొహాన్నే ఎమ్మెల్యే గారు వెతికిస్తన్నాడంటే చూసొద్దామని ఉండదా?’ అంది. ఆవిడ నవ్వుతూనే అన్నది కానీ నాకు మాత్రం ఏడుపొచ్చింది. సందు చివరికి పోవడం మానేసిందని నాకు అంతవరకూ తెలియదు. ఆఫీసులో ఎవరి మొహంలో ఏముందో కనిపెట్టడంలో నేనూ ఆరితేరాను, ఇంట్లో మొహం మాత్రం చూసుకోలేదు.

నామినేషన్ రోజు పిన్ని మామిడిపండు రంగు మంగళగిరి చీర కట్టుకుంది. తలలో మల్లెపూలు పెట్టుకుంది. (‘బొట్టూ పూలూ మా అమ్మ పెట్టినవి. మీ బాబాయి తెచ్చినవి కాదు, తీసుకుపోవడానికి’ అంది అద్దంలో చూసుకుంటూ.) మెడ చుట్టూ కొంగు కప్పుకుంది. కాళ్ళకి మెట్టెలు లేని సంగతి ఆటో ఎక్కేముందు నాకు తట్టింది. లోపలికి పరుగెత్తి బాబాయి మేజోళ్ళు పట్టుకొచ్చాను. బెజవాడ ఎండల్లో మేజోళ్ళు తొడుక్కున్న ముత్తైదువ! భూతద్దం చూపు తిన్నగా అక్కడే పడింది.

‘ఈ ఎండల్లో మేజోళ్ళేంటమ్మా?’

‘షుగరండీ. ఒట్టి కాళ్ళతో తిరగొద్దన్నాడు డాక్టరు.’

‘మీవారు రాలేదేం?’

‘ఆయన ఎక్కడికీ రారండీ’ అంది పిన్ని. అబద్ధం ఒక్క ముక్క లేదు.

అతను ఇంకా ఏదో అడగబోతుంటే లోపల్నుంచి ‘వర్జ్యం వచ్చేస్తంది, బయల్దేరండి’ అన్న కేక వినపడింది. (జీవితంలో నేను వర్జ్యానికి దణ్ణం పెట్టుకున్నది ఆ ఒక్కసారే.) ఎమ్మెల్యే గారు గేటు దాటారు. కిందటిసారిలాగే అరటిపళ్ళ అత్తం పట్టుకుని పిన్ని ఎదురొచ్చింది. ఆయన ఆగి, ఆవిడ మొహం తేరిపార చూసి, చెప్పులు విడిచి రెండు చేతులూ జోడించారు. మేళం మోగింది. చెట్టంత మనిషి, అంతమంది పోలీసుల మధ్య, ఎదురింటావిడ చూడకూడదనుకునే మొహానికి దణ్ణం పెడుతుంటే నాకు భయం పోయి గర్వం వచ్చింది. తర్వాత మళ్ళీ భయమే వచ్చిందనుకోండి. లెక్కింపు అయ్యేదాకా నాకు తిన్న అన్నం వంటబట్టలేదు. ఓడితే ఆరా మొదట ఆ మేజోళ్ళ దగ్గరే మొదలవుతుంది మరి.

గెలిచారు. కిందటిసారికంటే బ్రహ్మాండంగా గెలిచారు. హమ్మయ్య అనుకునేలోపే భూతద్దం వచ్చి, ‘బావగారు రేపు మీ పిన్నిగారికి పసుపు కుంకుమలు పెట్టడానికి ఇంటికొస్తన్నారు’ అన్నాడు. మా ముందు గదిలో దండ వేసిన బాబాయి ఫోటో ఉంది. ఇంటికొచ్చి దాన్ని దించబోయాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది. ‘గేటు దగ్గర నా సంగతి దాచావు, సరే. ఆయనింట్లో ఆయన్ని దాచితే ఊరుకోను’ అంది. ఆ గొంతు నేనంతకు ముందు వినలేదు.

ఎమ్మెల్యే గారు వచ్చారు. వెనక భూతద్దం, ఫోటోగ్రాఫరు. చీర, పసుపు, కుంకుమ ఉన్న పళ్ళెం అందించబోతూ ఆయన గోడవైపు చూశారు. పళ్ళెం గాల్లోనే ఆగింది. భూతద్దం నన్ను చూసిన చూపులో నా ఉద్యోగం, నా రెండు దువ్వెన్లు, నా పుట్టుపూర్వోత్తరాలు అన్నీ కాలిపోయాయి.

‘ఎప్పుడు పోయారమ్మా?’ అన్నారు ఎమ్మెల్యే గారు.

‘పోయిన శ్రావణంలోనండీ’ అంది పిన్ని, తల దించకుండా.

ఆయన వేళ్ళ కణుపుల మీద లెక్క వేశారు. మొహం గంటు పెట్టుకున్నారు. మళ్ళీ లెక్క వేశారు. తర్వాత ఫోటో మీంచి చూపు తిప్పకుండానే బావమరిదిని అడిగారు. ‘మెజారిటీ ఎంత పెరిగిందిరా?’

‘చాలా పెరిగింది బావా’ అన్నాడు భూతద్దం నీరసంగా.

ఎమ్మెల్యే గారు గొంతు సవరించుకుని, ‘ఫోటోలో గోడ పడకుండా తియ్యవయ్యా’ అని ఫోటోగ్రాఫరుతో చెప్పి, పళ్ళెం పిన్ని చేతిలో పెట్టారు.

మర్నాడు పొద్దున్నే భూతద్దం ఫోను చేశాడు. నా పని అయిపోయిందనుకుని ఎత్తాను. ‘బావగారు ప్రమాణ స్వీకారానికి బయల్దేరతన్నారు. మీ పిన్నిగారు ఎదురు రావాలంట’ అని, గొంతు తగ్గించి, ‘ఆ మేజోళ్ళు కూడా ఉండాలంట. నామినేషన్‌కి ఎట్టా వచ్చారో అట్టాగే’ అన్నాడు.

పిన్నికి చెబితే పడీపడీ నవ్వింది. ‘వస్తాగానీ, కారు సందు చివర ఆపకుండా గుమ్మం ముందుకి పంపమను’ అంది. కారు గుమ్మం ముందుకే వచ్చింది. పిన్ని మల్లెపూలతో, మేజోళ్ళతో మెట్లు దిగుతుంటే ఎదురింటి గేటు చప్పుడైంది. అలవాటుగా మూశారనుకున్నాను. తెరిచారు. ఎదురింటావిడ మా వైపొచ్చి, ‘వదినగారూ, మావాడికి సోమవారం మళ్ళీ ఇంటర్వ్యూ ఉందండీ. తమరొకసారి...’ అంది.

ఎమ్మెల్యే గారు ఆ తర్వాత కూడా సంప్రదాయాల మీద ఉపన్యాసాలు మానలేదు. నేను వాటిని టైపు చేయడం మానేసి కోచింగ్ కాలేజీ ఆఫీసులో చేరాను. శకునాలు ఉత్తవేనని, మనిషి మొహంలో మంచీ చెడూ వెతకడం అన్యాయమని అక్కడి పిల్లలకి గట్టిగా చెబుతుంటాను. కానీ ఆ ఉద్యోగం ఇంటర్వ్యూకి బయల్దేరిన రోజు బండి స్టార్ట్ చేసి, హారన్ కొడుతూ గేటు దగ్గరే ఆగిపోయాను. పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి ‘ఏమే, ఏం మర్చిపోయావు?’ అంది. ఏమీ లేదన్నాను, ఊరికే ఒకసారి ఎదురు రమ్మన్నాను.