ఇల్లు, దేశం, ఊరు, తలుపు

మా బ్యాంకు మ్వాంజా శాఖలో విదేశాలకు డబ్బు పంపే కౌంటరు గుమాస్తా ర్వెచుంగురా గారి గురించి జనం మూడు మాటలు అనేవారు: ఆయనకు మతి చలించిందని, లంచం కోసం ఫారాలు తొక్కిపెడతాడని, చదువురాని ఆడవాళ్లంటే చులకనని. మేనేజరుగా పదకొండేళ్లు ఆయనను గమనించినదాన్ని, మూడూ అబద్ధాలే. ఆయనకున్నది ఒకటే జబ్బు. అవతలి బ్యాంకు కోడును పంపేవాళ్ల నోటితోనే విడమరిచి చెప్పించనిదే ఫారం మీద ముద్ర పడేది కాదు.

"మొదటి నాలుగక్షరాలూ ఇల్లు, అంటే బ్యాంకు. తర్వాతి రెండూ దేశం. ఆపైన రెండూ ఊరు. చివరి మూడూ తలుపు, అంటే శాఖ. ఏదీ, చెప్పు!"

"ఇందులో తలుపే లేదు కదయ్యా?"

"అయితే వీధి గుమ్మమే. ప్రధాన కార్యాలయానికి పోతుంది. మళ్లీ మొదటినుంచి!"

ఒక పెళ్లిలో ఆశీర్వదించమంటే వరుడి వంశం, దేశం, ఊరు అడిగి, "తలుపు గుర్తుపెట్టుకో నాయనా, పొరపాటున పక్కింటికి పోయి, ఆ మామగారు నిన్ను తప్పు కోడు డబ్బులాగా తిరగ్గొడితే దారిఖర్చులు కూడా నీవే" అన్నారు. పెళ్లికూతురి తండ్రి నవ్వలేదు.

ఒక ఏడు న్యామిజి గారి ఫారం వచ్చింది. సరస్సు ఒడ్డున చిరుచేపలు ఎండబెట్టే పద్నాలుగుమంది ఆడవాళ్ల సంఘానికి ఆమె నాయకురాలు. రెండేళ్లుగా వానలకు చేపలు కుళ్లిపోతున్నాయి. ఇస్తాంబుల్ వర్తకుడి దగ్గర ఆరబెట్టే యంత్రం కొనడానికి అందరూ దాచుకున్నదంతా తెచ్చారు. మొదటిరోజు రాత వంకరగా ఉందని ర్వెచుంగురా గారు ఫారం వెనక్కి ఇచ్చారు. రెండోరోజు సిరా రంగు బాగాలేదట. మూడోరోజు ఫారం తన దగ్గరే ఉంచుకుని, యంత్రాలు అమ్మే దేశాలన్నిటి కోడు అక్షరాలూ గోడమీది పట్టీ చూసి రాసుకురమ్మన్నారు.

న్యామిజి గారు నా గది తలుపు తోసుకుని వచ్చారు. "మీ ముసలాయన గుమాస్తానా, బడిపంతులా? వానలు ఆయన కోసం ఆగుతాయా?"

ఆమె వెళ్లాక ఆయనను పిలిచాను. తలుపు వేసి ఫారం నా ముందు పెట్టారు. అమ్మేవాడి ఊరు ఇస్తాంబుల్. కోడులో ఐదో అక్షరం, ఆరో అక్షరం టర్కీవి కావు; మరో దేశానివి.

"మొదటిరోజే చెప్పకపోయారా?"

"వరుసలో ఆమె సంఘంవాళ్లు తొమ్మిదిమంది నిలబడ్డారమ్మా. మీ నాయకురాలు మోసపోబోయిందని వాళ్లందరి ముందూ అనమంటారా? కోడు చదవడం వస్తే తనే పట్టుకుంటుంది."

"రాకపోతే?"

"సిరా రంగులు ఇంకా చాలా ఉన్నాయి."

నాలుగోరోజు సంఘమంతా వెంట రాగా ఆమె కోడు చదవసాగారు. "ఇల్లు ఇది. దేశం... ఆగండి! టర్కీకి టి, ఆర్ కదూ రాసుకున్నాను? ఇవెక్కడివి? ఒసే, ఆ వర్తకుడు దొంగే!"

ర్వెచుంగురా గారు కళ్లజోడు సవరించుకున్నారు. "అయ్యో, నా కంటికి ఆనలేదే!"

"మీకేం ఆనుతుంది? సిరా రంగులు చూసుకోండి!" వరుస గొల్లుమంది. ఆ ఏడాదంతా చేపల బజారులో ఒకటే కథ: ముసలాయనకు కోడు చదవడం న్యామిజే నేర్పిందట. ఆయన ఎన్నడూ కాదనలేదు.

నా తీర్పు ఇది. కారణం చెప్పకుండా ఫారం నాలుగురోజులు ఆపడం నిబంధనలకు విరుద్ధం, అందుకు మందలించాను. మోసం సంగతి ఆయనకు మొదటిరోజే తెలుసు. పద్నాలుగుమంది సొమ్ము నిలిపారు, ఒకామె పరువు నిలిపారు, ఆ రెండూ తన ఖాతాలో వేసుకోలేదు.