పన్నే లేని దేశానికి అమెరికా లెక్క

1986. న్యూజెర్సీలో, పిస్కాటవే దగ్గర ఒక చిన్న కన్సల్టింగ్ కంపెనీలో ఎకనమిస్టుగా చేస్తున్నాను. ఒక దేశపు ఆర్థిక వ్యవస్థను సమీకరణాలుగా రాసి, ఇది మారిస్తే అదేమవుతుందని కంప్యూటర్‌ను అడగడం మా పని. దాన్నే మోడల్ అంటాం. ఆ ఏడాది చమురు ధర కుప్పకూలింది. చమురు అమ్ముకుని బతికే ఒక దేశం, ప్రభుత్వ ఖర్చు ఒక్కసారిగా కోసేస్తే ఎదుగుదల ఏమవుతుందో చెప్పమంది.

మా బాస్ పీటర్ అమెరికా కోసం రాసిన మోడల్‌నే దేశం పేరు మార్చి వాడమన్నాడు. ప్రభుత్వం ఖర్చు తగ్గిస్తే ప్రైవేటువాళ్లు పుంజుకుంటారని అందులో ఒక సమీకరణం ఉంది. ఇక్కడైతే ఖర్చు తగ్గితే పన్ను తగ్గొచ్చు, మిగిలింది జనం జేబులో ఉంటుంది. అక్కడ పన్నే లేదు. ప్రభుత్వం ఖర్చు పెడితేనే చమురు డబ్బు ఊళ్లోకొస్తుంది. మేం పన్ను దగ్గర సున్నా వేసి, ఆ సమీకరణాన్ని మాత్రం అలాగే ఉంచాం. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే.

పీటర్‌కి చెప్పాను. క్లయింటుకి పాఠాలు అక్కర్లేదన్నాడు. ఇంట్లో మా ఆయన, “గ్రీన్‌కార్డ్ వచ్చేదాకా ఓర్చుకో లతా, తర్వాత ఫైట్ చేద్దువుగాని,” అన్నాడు. ఓర్చుకున్నాను.

రిపోర్టు తీసుకోవడానికి ఆ దేశపు ఆర్థిక శాఖ అధికారి యూసుఫ్ వచ్చాడు. అంతా చదివి నావైపు తిరిగాడు.

“మా ఊళ్లో ఆసుపత్రి సగం లేచింది. అది ఆపేస్తే సిమెంటు కొట్టు, కూలీలు తినే హోటల్ ఏమవుతాయి మేడమ్?”

“ప్రైవేటు పెట్టుబడి అందుకుంటుంది.”

“ఎవరి డబ్బుతో?”

నేను నోరు తెరిచేలోపే పీటర్ లంచ్‌కి వెళ్దామని లేచాడు. నేనూ లేచాను.

ఖర్చు తగ్గించక తప్పదని నాకూ తెలుసు. సగం లేచినవాటిని ముందు పూర్తి చేయండి, మిగతాది మెల్లగా తగ్గించండి అని ఒక్క పేజీ రాస్తే సరిపోయేది.

రెండేళ్లకి యూసుఫ్ మళ్లీ వచ్చాడు. ఆసుపత్రి స్తంభాల దగ్గరే ఆగిపోయిందట. కూలీలు వెళ్లిపోయారు, వాళ్ల వెనకే హోటలూ కొట్టూ మూతపడ్డాయి. పుంజుకున్నవాడు ఒక్కడూ లేడు.

“ఇలా అవుతుందని ఆ రోజే మీకు తెలుసా?” అని అడిగాడు.

తెలుసన్నాను.

“మీ కంప్యూటర్‌ని నమ్మి ఆపమని సంతకం పెట్టింది నేనే. మా అమ్మ ఇంటికి ఆ స్తంభాల పక్కనుంచే వెళ్లాలి,” అన్నాడు.

ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, పీటర్ మీద కన్నా నా మీదే. ఆ తర్వాత ఏ దేశపు పని వచ్చినా, మోడల్ తెరవకముందే ‘ఎవరి డబ్బుతో?’ అని అడగడం నేర్చుకున్నాను. అది యూసుఫ్ ప్రశ్న. ఆ రోజు దానికి జవాబు తెలిసి కూడా, నేను లంచ్‌కి వెళ్లాను.