బాక్సు రాని సినిమాకు రివ్యూ

చలపతిరావు గారికి అరవై నిండాయట. ఫిల్మ్‌నగర్‌లో సన్మానం చేసి అభినందన సంచిక వేస్తారట. "కరుణాకుమారి గారూ, మీరు ఆయన్ని దగ్గర్నుంచి చూశారు కదా, నాలుగు మంచి మాటలు రాసివ్వండి" అని కమిటీవాళ్లు ఫోన్ చేశారు. చూసిన మాట నిజమే. మంచి మాటలే దొరకడం లేదు. దొరికినవి రాస్తున్నాను. వేసుకుంటే వేసుకోండి, లేకపోతే చింపి పారేయండి.

ఆయనది తెనాలి దగ్గర ఊరు. ఇంగ్లిషు ఎమ్మే చదివి సికింద్రాబాద్‌లో ఒక ఇంగ్లిషు పేపర్లో చేరాడు. బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు వార్తలకు హెడ్డింగులు పెట్టాడు, తర్వాత ఆటల పేజీ చూశాడు, ఎనభై మూడు ఎన్నికలప్పుడు రాజకీయాలు రాశాడు. ఎక్కడ పనిచేసినా గెలిచినవాడి మీద ఆయనకు ఆసక్తి లేదు. ఓడినవాణ్ని ఏ మాటతో మట్టి కరిపించాలా అన్నదే ధ్యాస. యుద్ధం వార్తల్లోంచి 'రౌట్' తెచ్చుకున్నాడు. క్రికెట్‌లోంచి 'డ్రబ్బింగ్', 'వైట్‌వాష్' తెచ్చుకున్నాడు. ఎన్నికల్లోంచి, కొండచరియ మీదపడ్డట్టు ఓడిపోయారనడానికి 'ల్యాండ్‌స్లైడ్' తెచ్చుకున్నాడు. ఎనభై ఏడులో పేపర్‌తో చెడి బయటికొచ్చి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దిగువన రెండు గదుల్లో ఇంగ్లిషు సినిమా వారపత్రిక పెట్టాడు. ఆ మాటలన్నీ సినిమావాళ్ల మీద ప్రయోగించడం మొదలుపెట్టాడు.

తెలుగు సినిమాకు ఇంగ్లిషు పత్రిక ఎందుకని ఎవరో అడిగారట. "తెలుగులో తిడితే కొట్టడానికొస్తారు. ఇంగ్లిషులో తిడితే అర్థం ఎవర్నో అడుక్కోవాలి" అన్నాడట. అనే ఉంటాడు.

ఆ అర్థాలు చెప్పాల్సిన ఖర్మ నాకు పట్టింది. మాది బాపట్ల. మిషన్ స్కూల్లో చదువుకుని, బోరబండలో అద్దెకుంటూ, ఫిల్మ్‌నగర్‌లో వీరరాఘవయ్య గారనే చిన్న నిర్మాత ఆఫీసులో టైపిస్టుగా చేసేదాన్ని. ఆయనకు ఇంగ్లిషు రాదు. శనివారం పత్రిక రాగానే కళ్లజోడు తుడుచుకుని నా బల్ల ముందు కూర్చునేవారు.

"రౌట్ అంటే ఏంటమ్మా?"

"సైన్యం చెల్లాచెదురై పారిపోవడం అండీ."

"డ్రబ్బింగో?"

"చితకబాదడం."

"మరి వైట్‌వాషు?"

"ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా అన్నీ ఓడిపోవడం అండీ."

"ఓడిపోవడానికి ఎన్ని మాటలు పెట్టుకున్నారమ్మా వాళ్లు! మనం ఉన్న ఒక్క ఫ్లాపూ మొహం మీద అనం" అనేవారు ఆయన.

అది నిజం. ఫిల్మ్‌నగర్‌లో మార్నింగ్ షోకే సినిమా పోయినా నిర్మాతతో ఎవరూ పోయిందనరు. "టాక్ డివైడ్‌గా ఉందండీ, సోమవారానికి పుంజుకుంటుంది" అంటారు. పుంజుకోదని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. అయినా ఆ మాట పట్టుకుని మనిషి తలెత్తుకుని ఇంటికి వెళ్తాడు. చలపతిరావు గారు ఆ కాస్త మర్యాద కూడా దక్కనివ్వలేదు. వీరరాఘవయ్య గారి సినిమాలు వరసగా రెండు పోయాయి. రెండింటికీ అట్ట వెడల్పునా పెద్దక్షరాలతో 'డెబాకల్' అని వేశాడు. సర్వనాశనం అని నా నోటితోనే చెప్పాను. ఆ రెండుసార్లూ ఆయన కాఫీ తాగకుండా వెళ్లిపోయారు.

తొంభై మూడులో మూడో సినిమా తీశారు. "ఇది పోతే ఆఫీసుకు తాళం వేస్తానమ్మా. నా వయసులో ఇంక ఏ హీరో డేట్లు ఇవ్వడు" అని ముందే చెప్పారు. సినిమా బాగా వచ్చింది, ప్రివ్యూలో నేనే ఏడ్చాను. రిలీజు ముందు పత్రిక అట్ట మీద ప్రకటన ఇచ్చినవాళ్ల జోలికి చలపతిరావు గారు వెళ్లేవాడు కాదు. అందరూ ఇచ్చేవారు. వీరరాఘవయ్య గారు మాత్రం "బొమ్మ బాగుంటే జనమే చెబుతారు" అని ఇవ్వలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ పత్రిక గురువారం మధ్యాహ్నం ప్రెస్‌కు వెళ్లి శనివారం బయటికొస్తుంది. సినిమాలేమో శుక్రవారం రిలీజవుతాయి. అంటే శుక్రవారం వచ్చే సినిమాకు, సినిమా చూడకుండానే గురువారం రివ్యూ రాసేవాడన్నమాట. ఇది ఫిల్మ్‌నగర్ మొత్తానికి తెలుసు, ఎవరూ నోరెత్తరు.

ఆ గురువారం సాయంత్రం మద్రాసు ల్యాబు నుంచి ఫోనొచ్చింది. మా ఆఫీసు పనులు చూసే హనుమంతు తీశాడు. "మేడమ్, సినిమా రీళ్ల బాక్సులు రావంట. రెండు రీళ్లల్ల సౌండ్ ఖరాబైందంట, మళ్ల ప్రింట్లు ఏస్తున్నరు. ఇగ వచ్చే శుక్రారమే" అన్నాడు. శుక్రవారం హాళ్లలో పాత సినిమాలే ఆడాయి.

శనివారం పత్రిక వచ్చింది. నేను చదివి వినిపించాను: "మార్నింగ్ షోలోనే రౌట్. ఇంటర్వెల్‌కే ప్రేక్షకులు గేట్లు దాటారు."

హనుమంతు బిత్తరపోయాడు. "బాక్సే రాకపాయె, జనం యాడికెల్లి లేచి పోయిండ్రు?"

వీరరాఘవయ్య గారు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. ఆయన అలా నవ్వడం అంతకుముందు నేను చూడలేదు. ఇక చలపతిరావు పని అయిపోయింది, ఫిల్మ్‌నగర్‌లో తలెత్తుకోలేడు అనుకుని నేనూ తెగ సంబరపడ్డాను.

సోమవారం గుంటూరు డిస్ట్రిబ్యూటర్ ఆదినారాయణ గారు ఫోన్ చేశారు. "సినిమా రాలేదని నాకు తెలుసండీ. కానీ టాక్ వచ్చేసింది కదా. హాళ్లవాళ్లు వేరే బొమ్మకు మాటిచ్చేశారు" అన్నారు. సాయంత్రానికి నెల్లూరు, వైజాగ్ కూడా అదే పాట పాడాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. పత్రిక పట్టుకుని చెక్‌పోస్టు దిగువకు నడిచి వెళ్లాను. చలపతిరావు గారు సఫారీ సూట్ వేసుకుని పకోడీలు తింటున్నాడు.

"రిలీజే కాని సినిమాలోంచి జనం ఎలా లేచిపోయారండీ? తప్పైందని వేయండి" అన్నాను.

ఆయన వేళ్లు తుడుచుకుని, "కూర్చోమ్మా. తప్పైందని వేస్తే నా పత్రికను ఇంకెవరు నమ్ముతారు? వచ్చే శుక్రవారం ఎటూ రిలీజు కదా. అప్పటికి నిజమవుతుందిలే" అన్నాడు.

నిజమైంది. ఊళ్లలో హాళ్లు దొరకలేదు. హైదరాబాద్‌లో దొరికిన హాలుకు, పోయిన వారమే పోయిన సినిమా అని జనం రాలేదు. ఆదివారానికి తీసేశారు. నిజాన్ని అంత ముందుగా రాశాడని చలపతిరావు గారిని మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఇప్పుడు సన్మాన కమిటీలో వాళ్ల పేర్లు కనిపిస్తున్నాయి.

ఆ తర్వాతి శనివారం పత్రిక వచ్చేసరికి వీరరాఘవయ్య గారు నా బల్ల ముందే కూర్చుని ఉన్నారు. నేను దాన్ని సొరుగులో పడేయబోయాను. "ఇటివ్వమ్మా" అని చెయ్యి చాపారు. అట్ట మీద ఉన్నది ఒకటే మాట, పెద్దక్షరాలతో. కళ్లజోడు తుడుచుకుని, అక్షరాల వెంట వేలు జరుపుతూ చాలాసేపు చూశారు.

"డెబాకల్. ఇదేగా?" అన్నారు.

నేను తలూపాను.

"చూశావా, నాకూ ఇంగ్లిషు చదవడం వచ్చేసింది" అని పత్రిక మడిచి, తాళాలు హనుమంతు చేతికిచ్చారు.

చలపతిరావు గారి గురించి నేను దగ్గర్నుంచి చూసింది ఇదే.