సిపాయి జాబుకు పసుపు పూసినదాన్ని

చిటికెడు పసుపుతో ఒక సైనికుణ్ణి నిలువునా కూలగొట్టవచ్చని మీకు తెలుసా? నాకు తెలుసు. కార్గిల్ యుద్ధం జరిగిన ఆ వేసవిలో శత్రువులు అవతలి వైపు నుంచి ఫిరంగులు పేలుస్తుంటే, ఇవతలి వైపు హోసూరు పక్క మత్తిగిరిలో కూర్చుని నా వంతు దెబ్బ నేను కొట్టాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. బుద్ధి సంగతి ఎలా ఉన్నా చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉండేది. కొంప ముంచింది కూడా అదే.

మాది పచారీ అంగడి. మా ఇంటికి పాలు పోసే లచ్చుమక్క కొడుకు నాగేశు మిలిటరీలో సిపాయి. లచ్చుమక్కకు చదువు రాదు. ఆమె చెబితే నేను జాబు రాసేదాన్ని, అతను రాస్తే చదివి వినిపించేదాన్ని. నాగేశు చదివింది అరవ బడిలో కాబట్టి ఆ జాబుల్లో మాట తెలుగు, అక్షరం అరవం. హోసూరు వైపు ఇందులో వింతేమీ లేదు. వింతల్లా అతని చిరునామా. అందులో ఊరి పేరే ఉండదు. ఒక నంబరు, పక్కన మిలిటరీ తపాలా గుర్తు, అంతే. తన కొడుకు ఏ కొండ మీద ఉన్నాడో ఆ తల్లికి తెలియదు, నాకూ తెలియదు, జాబు డబ్బాలో నుంచి తీసే పోస్టుమ్యానుకూ తెలియదు.

లచ్చుమక్క చెప్పే జాబు ఎప్పుడూ ఒకటే.

"రాయి పాపా. ఈడ మేమంతా బాగుండాము. ఆడ నువ్వు బాగుండావా. ఎర్రావు సూడిది. మీ నాయనకు మోకాలి నొప్పి అట్లే ఉంది. చలికి చెవులు మూసుకో."

"ఇంకేమన్నా చెప్పక్కా. సగం కాగితం అట్లే ఉంది."

"ఇంకేముంది? చెవులు మూసుకోమని మళ్ళొకసారి రాయి."

మీరే చెప్పండి, ముత్యాల్లాంటి చేతిరాత ఉన్న ఆడపిల్ల ఇలాంటివి ఎన్నని రాస్తుంది? ఆ జాబులకు నా తరఫున ఏదో ఒక సొగసు చేర్చాలని నా చేతులు ఎప్పుడూ దురద పెడుతుండేవి.

ఇంతలో యుద్ధం వచ్చింది. మా అంగట్లో ఒక చిన్న టీవీ ఉండేది. సాయంత్రం వార్తల వేళకు లచ్చుమక్క ఖాళీ పాలక్యాను ఒళ్ళో పెట్టుకుని బియ్యం మూట మీద కూర్చునేది. జెండా కప్పిన పెట్టెలు చూపించినప్పుడల్లా మా నాన్న చెయ్యి పట్టుకుని "ఏం పేరు చెప్పినారప్పా? ఏం పేరు?" అని అడిగేది. వేరే పేరు అని తెలిస్తే ఊపిరి పీల్చుకునేది. ఆ వెంటనే ఆ వేరే పిల్లవాడి తల్లి కోసం ఏడ్చేది. చూస్తూ ఉండలేక నేను లోపలికి పోయి లేని పని కల్పించుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒక జాబు రాయించింది. చెవుల సంగతి అయ్యాక కొత్త వార్త ఒకటి చెప్పింది. "మీ మామ వాళ్ళు కెలవరపల్లి నుంచి వచ్చి పోయినారు. మంజుల వచ్చే నెల కుట్టుమిషను పరీక్ష రాస్తాదంట. అది కూడా రాయి పాపా, వానికి సంతోషం."

మంజుల ఎవరో చెప్పాలి కదా. లచ్చుమక్క తమ్ముడు తిమ్మరాయప్ప కూతురు, అంటే నాగేశుకు మేనమామ కూతురు. నాగేశు ప్రతి జాబు చివరా "మామ వాళ్ళింట్లో అందరూ ఎట్లుండారు" అని అడిగేవాడు. వయసులో ఉన్న మగవాడు "అందరూ" అని ఎవరి గురించి అడుగుతాడో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. లచ్చుమక్కకు తెలుసు, నాకు తెలుసు. తెలియనిదల్లా తిమ్మరాయప్పకే. ఆయన కూతురి కోసం హోసూరు ఫ్యాక్టరీలో పని చేసే పిల్లవాణ్ణి చూస్తున్నాడు. ఆ సంగతి నాగేశు చెవిన కూడా పడింది. అతని దిగులంతా అదే.

జాబు రాసి, మడిచి, బంక పెట్టి అంటించాను. లచ్చుమక్క వెళ్ళిపోయింది. అప్పుడు మెరిసింది నా బుర్ర. యుద్ధంలో ఉన్న మనిషి ఇంటి నుంచి వచ్చిన జాబు చూడగానే ఏ కబురో అని భయపడడూ? విప్పకముందే ఇది మంచి కబురని తెలిసేలా చేస్తే ఎంత బాగుంటుంది! మా ఇంట్లో కొత్తది ఏది వచ్చినా పసుపు పెట్టడం అలవాటు. క్యాలెండరుకు పెడతాం, బిల్లు పుస్తకానికి పెడతాం, తక్కెడకు పెడతాం. ఆ లెక్కన సిపాయి జాబు ఏం పాపం చేసింది?

పొడి పసుపు రాస్తే రాలిపోయింది. నీళ్ళు కలిపి ముద్ద చేసి నాలుగు మూలలా పూశాను. పలచగా అనిపించి ఇంకో పూత పూశాను. దేశం కోసం పోరాడుతున్న మనిషికి పసుపు దగ్గర పిసినారితనం ఏమిటని మూడో పూత కూడా వేసి, అరకిలో తూకపు గుండు కింద పెట్టి ఫ్యానుగాలికి ఆరబెట్టాను. నీలం కాగితం మీద పసుపు మూలలు ఎంత ముచ్చటగా ఉన్నాయో! ఆ తడి లోపలికి దిగి నా సిరా పెన్ను అక్షరాలను ఏం చేసి ఉంటుందో అనే ఆలోచన రాలేదు. జాబు డబ్బాలో వేసి వచ్చి, సంతృప్తిగా రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నాను.

తర్వాత నాగేశు నుంచి ఉలుకు లేదు, పలుకు లేదు. వారం, రెండు వారాలు, మూడు వారాలు గడిచాయి. ఎంత పనిలో ఉన్నా పది రోజులకు ఒక జాబు రాసే మనిషి అతను. పోస్టుమ్యాను మా వీధి మలుపు తిరగ్గానే లచ్చుమక్క ఎదురు పోయేది.

"ఉందా అప్పా?"

"లేదమ్మా. ఆడ నుంచి టపా లేటవతా ఉంది. అందరికీ అట్లే."

"అందరికీ అట్లేనా? నిజంగానా?"

పాపం ఆ మనిషి రోజూ ఆ అబద్ధం చెప్పేవాడు. అటుపక్క వీధిలో ఇంకో సిపాయి ఇంటికి జాబులు వస్తూనే ఉన్నాయని నాకు తెలుసు. లచ్చుమక్క మతి తప్పి మా మంచినీళ్ళ బిందెలో పాలు పోసి వెళ్ళింది ఒక రోజు. మా అమ్మ ఆ బిందె కడిగి మళ్ళీ నీళ్ళు పట్టింది. నేను మాత్రం పొద్దున్నే అందరికంటే ముందు పేపరు తెరిచి, చనిపోయినవాళ్ళ పేర్లు వేలు పెట్టి చదివేదాన్ని. నిజంగా భయం వేసింది.

ఇరవై నాలుగో రోజున పోస్టుమ్యాను సైకిలు మీద నుంచే కేక పెట్టాడు. "లచ్చుమమ్మా! వచ్చింది!"

ఆ సమయానికి అంగట్లో మా నాన్న ఉన్నాడు, అక్కను ఓదార్చడానికి వచ్చిన తిమ్మరాయప్ప బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. బుద్ధి ఉన్నవాళ్ళయితే ముందు ఒకసారి తనలో తాను చదువుకుంటారు. నేను గొంతెత్తి చదివాను.

"అమ్మకు నాగేశు రాసేది. పసుపు పూసిన జాబు అందింది. లోపల అంతా తడిసి అలుక్కుపోయింది. మంజుల పేరు, వచ్చే నెల అనే మాట, ఈ రెండే కనపడినాయి. అంతే చాలు. పెండ్లిలో నా పేరు చెప్పి ఆయమ్మికి ఒక చీర పెట్టు. నేను ఇప్పట్లో లీవుకు రాను. పైకి పోయే గుంపుకు మనుషులు కావాలన్నారు. నా పేరు ఇచ్చినాను."

లచ్చుమక్క మొదట రెండు చేతులూ జోడించింది. "బతికుండాడు! నా కొడుకు బతికుండాడు!" ఆ తర్వాత చేతులు అలాగే ఆగిపోయాయి. "పైకి అంటే యాడికి పాపా? ఎవరి పెండ్లి?"

తిమ్మరాయప్ప లేచి నిలబడ్డాడు. "అదే నేనూ అడిగేది. నా కూతురి పెండ్లి నాకు తెలీకుండా ఎవురు చేస్తా ఉండారు? జాబుకు పసుపు ఎవురు పూసింది?"

గోతాం సంచుల వెనక్కి జరగబోయాను. దారి లేదు. "నేనేనన్నా. మంచి కబురు కదా అని..."

"మంచి కబురంటే? మావోళ్ళలో పసుపు మూలల జాబు వచ్చిందంటే పెండ్లి కుదిరిందని! ఇంక దేనికీ పూయము మేము!"

"మా ఇంట్లో క్యాలెండరుకు కూడా పూస్తాము అన్నా."

"క్యాలెండరుకు పెండ్లి చేసుకోండి, నాకేం! పైన గుండ్లు పడతా ఉంటే ఆ పిల్లోడు..." అని ఆయన సగంలో ఆగాడు. ఏదో లెక్క తేలని మనిషిలా కాసేపు గోడ వైపు చూశాడు. "అది సరే. నా కూతురికి పెండ్లయితే వీడెందుకు పైకి పోవల్ల?"

మా నాన్న ఖాళీ తక్కెడను ఒకటికి రెండుసార్లు తుడిచాడు. లచ్చుమక్క నేల చూసింది. పోస్టుమ్యాను సైకిలు దిగి మరీ నిలబడ్డాడు. ఇక అందరినీ కాపాడే భారం నా మీదే పడిందని నాకు తోచింది.

"అంటే... ఆయనకు మీ ఇంట్లో అందరూ అంటే చాలా ఇష్టమన్నా."

తిమ్మరాయప్ప నన్ను ఎంత సేపు చూశాడో చెప్పలేను. చూసి చూసి మళ్ళీ బెంచీ మీద కూలబడ్డాడు.

"టెలిగ్రామ్ కొడదాం!" అన్నాను. "పెండ్లి లేదు అని రెండు మాటలు చాలు!"

లచ్చుమక్క ఒక్కసారిగా నా చెయ్యి పట్టేసింది. "వద్దు తల్లీ! తంతి చూస్తానే అమ్మ చచ్చిపోయిందని అనుకుంటాడు వాడు. నీకు దండం పెడతాను, ఇంకేమీ ఆలోచన చేయొద్దు!"

ముగ్గురం టౌన్ బస్సెక్కి కెలవరపల్లి పోయాం. దారంతా తిమ్మరాయప్ప కిటికీలో నుంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మంజుల కుట్టుమిషను ముందు ఉంది. జరిగింది చెప్పి జాబు చేతికిచ్చాను. చీర సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. పైకి పోయే సంగతి దగ్గర తెల్లబోయింది. దారం పళ్ళతో కొరికి లేచింది.

"ఇన్లాండ్ లెటర్ ఉందా?"

"తెచ్చినాను. నేను రాసిస్తాను, నువ్వు చెప్పు" అన్నాను ఆశగా.

"నువ్వు ముట్టుకోవద్దు. దూరంగా నిలబడు."

తండ్రి ఎదురుగానే ఉన్నాడు. ఆడపిల్ల మేనబావకు తన చేతులతో జాబు రాయడం ఆ ఇంట్లో అంతకుముందు జరిగింది కాదు. మంజుల పెన్ను పట్టుకుని ఆయన వైపు చూసింది. ఆయన తలపాగా తీసి మళ్ళీ చుట్టుకుని, "రాయి" అన్నాడు. అంతే, కాగితం చిరిగిపోతుందేమో అన్నంత కోపంగా రాసింది. ఏం రాసిందో ఎవరికీ చూపలేదు. తనే అంటించింది, తనే పోస్టు చేసింది. నేను నాలుగడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నడిచాను.

ఆ తర్వాతి రెండు వారాల గురించి నవ్వుతూ చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. టీవీలో ఏదో శిఖరం పట్టుకున్నారని జనం చప్పట్లు కొడుతుంటే నేను లేచి లోపలికి పోయేదాన్ని. ఆ శిఖరం మీదికి నాగేశును ఎక్కించింది నేనే. అతనికి ఏమైనా అయితే అది నా చేతులతో నేను చేసినట్టే. అన్నంలో పప్పు పచ్చగా కనిపిస్తే ముద్ద దిగేది కాదు. లచ్చుమక్క ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "మంచికే కదా పాపా చేసినావు" అని రోజూ ఒక గరిటె పాలు ఎక్కువ పోసేది. ఆ పాలు తాగడం కంటే దెబ్బలు తినడం సులువు.

తిమ్మరాయప్ప కూడా రోజూ పొద్దున బస్సుకు వచ్చి మా బెంచీ మీద కూర్చునేవాడు. ఆవులకు పిండి కొనడానికి వచ్చానని చెప్పేవాడు. ఆ లెక్కన వాళ్ళింట్లో ఆ రెండు వారాలూ ఆవులు తినలేనంత పిండి పోగయి ఉంటుంది.

ఒక రోజు పది గంటల వేళ అంగట్లో ఫోను మోగింది. మా నాన్న ఎత్తి, ఒక్క క్షణం విని, "లచ్చుమక్కా!" అని వీధంతా వినపడేలా అరిచాడు. ఆమె చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. రిసీవరు తలకిందులుగా పట్టుకుంటే నేను సరిచేశాను. నాగేశు గొంతు ఎంత గట్టిగా ఉందంటే బెంచీ మీద ఉన్నవాళ్ళకు కూడా వినిపించింది.

"అమ్మా! నేనే!"

"పైకి పోయినావా నాయనా?"

"పోయినానమ్మా. దిగి వచ్చేసినాను. ఏమీ కాలేదు, కాలు కొంచెం గీసుకునింది, అంతే. ఏడవద్దు. మంజుల జాబు అందింది!"

"ఏం రాసిందప్పా?"

"రెండు పక్కలా తిట్లేనమ్మా! ఎద్దు అనింది, ఎనుము అనింది, ఎవురో పసుపు పూస్తే నమ్మేదానికి నీకు తలకాయ ఉందా అనింది. మావోళ్ళందరికీ హిందీలో చెప్పి చెప్పి నవ్వినాము. అమ్మా, ఇంత తిట్టిందంటే ఇంకొకరికి కుదరలేదనే కదా!"

లచ్చుమక్క ఏడుస్తూ నవ్వింది. మాట్లాడలేక రిసీవరు పక్కకు చాచింది. నేను అందుకోబోయాను. తిమ్మరాయప్ప నన్ను మోచేత్తో పక్కకు నెట్టి, తనే తీసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"రేయ్, మామను మాట్లాడతా ఉండాను. నువ్వు ముందు ప్రాణంతో ఇంటికి రా. మిగిలిన తిట్లు పెండ్లయినాక తిందువు."

అవతల చాలాసేపు చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నాను. తెగలేదు. ఆ సిపాయి ఏడుస్తున్నాడు.

ఆ క్షణమే, మా అంగట్లో ఉన్న సకల దినుసుల సాక్షిగా, కుడి చెయ్యి తక్కెడ మీద పెట్టి ఒట్టు వేసుకున్నాను. ఈ జన్మలో పరుల జాబులో వాళ్ళు చెప్పిన మాట తప్ప నా సొంత తెలివి ఒక్క చుక్క కూడా కలపను గాక కలపను. ఆ ఒట్టు నేటి వరకు తప్పలేదు. తప్పే అవకాశం కూడా రాలేదనుకోండి. ఆ తర్వాత మత్తిగిరిలో నన్ను జాబు రాసిపెట్టమని ఒక్కరంటే ఒక్కరు కూడా అడగలేదు.