ఉమాకాంతం తిట్లు, బుల్లిబాబు మోటారు రంపం

నందిగామ మెకానిక్కు ఉమాకాంతానికి ఒక్కటే జబ్బు. ఏ మిషనైనా సరే, దాని యజమానిని కడిగి పారెయ్యందే స్పానరు ముట్టడు. మిషన్లన్నీ పుట్టుకతో బుద్ధిమంతులనీ, వాటిని కొన్నవాళ్ళే వెధవలనీ ఆయన సిద్ధాంతం. చందర్లపాడు రైసుమిల్లు ఆసామి బెల్టు తెగిందని వస్తే, "నీకు మిల్లెందుకయ్యా? రోకలి కొనుక్కో!" అన్నాడు. రామచంద్రమూర్తి మేష్టారు సైకిలు తెస్తే, "ఊళ్ళో పిల్లలందరికీ బుద్ధి చెబుతావు, గొలుసుకి నూనె చుక్క వెయ్యాలని నీకు చెప్పేవాడే లేడా?" అన్నాడు. మేష్టారు పాఠం రాని పిల్లాడిలా తలొంచుకు నిలబడ్డాడు. అయినా జనం ఆయన దగ్గరికే పోయేవారు. తిట్టని మెకానిక్కులు నందిగామలో ఇంకో ఇద్దరున్నారు గానీ, వాళ్ళు బాగుచేసినవి ఇంటిదాకా వచ్చేవి కావు.

అలాంటి నోటిదురుసు మనిషిని పంతొమ్మిదివందల యాభై తొమ్మిదిలో, దసరా వెళ్ళిన వారానికి, జగ్గయ్యపేట రప్పించాల్సి రావడం బసవమ్మకి తలవంపుగా ఉంది. ఆవిడ కొడుకు బుల్లిబాబుది కలప అడితి. మిలటరీ వాళ్ళ వేలంలో ఓ పాత అమెరికా మోటారు రంపం కొన్నాడు. పెట్రోలు పోసి తాడు లాగితే గొలుసు గిర్రున తిరిగి మొద్దుని కోస్తుంది. మూడు నెలలపాటు పేటంతా వచ్చి నోరెళ్ళబెట్టి చూసింది. ఇప్పుడేమో నాలుగు నిమిషాలు అరవడం, గుటుక్కుమనడం.

"రంపం నడిపే ఆ ఏసురత్నమే ఏదో పాడుచేసుంటాడు," అని బసవమ్మ తీర్పు చెప్పేసింది. నలుగురు పిల్లల తండ్రి ఏసురత్నం పొద్దుట్నించీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఉమాకాంతం బస్సు దిగి వచ్చి, రంపాన్ని వదిలేసి బుల్లిబాబుని ఎగాదిగా చూశాడు.

"ఎవడు కొనమన్నాడు నిన్ను?"

"వేలంలో చవగ్గా వస్తేనూ..."

"చవగ్గా వస్తే ఏనుగుని కూడా కొంటావా? మేతేం పెడుతున్నావు దీనికి?"

"పెట్రోలండి. అందులో కొంచెం ఆయిలు."

"కొంచెమట! పప్పులో ఉప్పనుకున్నావా?"

"నాదేం లేదండి, ఈ ఏసురత్నమే పాడుచేశాడు. సాయంత్రంలోగా ఇది ఆడకపోతే రేపట్నించి వీణ్ణి రావద్దన్నా."

"మిషను కొన్నది వాడా, నువ్వా? నోర్మూసుకుని అవతల నించో!"

వరండాలో బసవమ్మ పళ్ళు నూరింది. నా కొడుకుని నా గుమ్మంలో నిలబెట్టి తిట్టడానికి వీడెవడు, సుత్తి మోసుకు తిరిగేవాడు!

ఉమాకాంతం ప్లగ్గు విప్పి గీకాడు. కార్బొరేటరు విప్పి ఊదాడు. విప్పిన ప్రతిదానికీ బుల్లిబాబుకొక తిట్టు పడింది. తాడు లాగితే రంపం కయ్యిమంది, నాలుగు నిమిషాలకి మళ్ళీ చచ్చింది.

"ఏమయ్యా, ఇలా ఆగినప్పుడు నువ్వేం చేస్తావు?" అని ఏసురత్నాన్ని అడిగాడు. ఆ గొంతులో తిట్టు లేదు.

"టాంకు మూత తీసి పెట్రోలుందో లేదో చూస్తానండి. మూత పెట్టి లాగితే మళ్ళీ కాసేపు ఆడుద్దండి."

ఉమాకాంతం మూత తిప్పాడు. టాంకు సుయ్యిమని గాలి పీల్చుకుంది. ఆ మూత నడినెత్తిన సూదిమొనంత చిల్లుంటుంది. దాంట్లోంచి గాలి లోపలికి పోకపోతే పెట్రోలు కిందికి దిగదు. ఆయన గుండుసూదితో అక్కడ పొడిస్తే ఎండిన గంధం, కుంకుమ పెచ్చులుగా ఊడొచ్చాయి.

వరండాలోంచి బసవమ్మ ఆ రంగు గుర్తుపట్టింది. ఆయుధపూజనాడు ఆ మూతకి గంధం రాసి బొట్టు పెట్టింది తనే. చిల్లు మీద బొట్టు నిలవడంలేదని వేలితో అదిమి మరీ పెట్టింది.

ఉమాకాంతం వరండా వైపు ఒక్కసారి చూసి, ఆ పెచ్చుల్ని చటుక్కున లాగుకి తుడిచేసుకున్నాడు.

"ఏంటండీ అది?" అన్నాడు బుల్లిబాబు.

"వేలంలో నువ్వు కొన్న మిలటరీ మట్టి! కొనేముందు మూత చూసుకోవద్దుటయ్యా, మొద్దూ? ఈ ఏసురత్నం మూత తీసి చూస్తుండబట్టి ఈమాత్రమైనా ఆడింది. పోతే నువ్వే పో, అడితి వాడు చూసుకుంటాడు!"

ఈసారి రంపం ఆగలేదు. పావుగంటలో మద్ది మొద్దు రెండు ముక్కలైంది. బుల్లిబాబు తల గోక్కుంటూ, "రేపు పెందలాడే రారా, ఏసురత్నం," అన్నాడు. ఏసురత్నం కుండ దగ్గరికెళ్ళి నాలుగు చెంబుల నీళ్ళు తాగాడు.

బసవమ్మకి అప్పుడు తట్టింది. ఈయన బాగుచేసిన మిల్లులో గానీ ఇంజను దగ్గర గానీ ఒక్క జీతగాడికి పని పోయిందని ఎన్నడూ వినలేదు. తిట్లన్నీ యజమానే తినేస్తే కిందివాడికి మిగిలేదేముంది? ఆవిడ గ్లాసుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. సిగ్గుతో గొంతు తగ్గించి అడిగింది.

"అది నా గంధమే కదయ్యా?"

"అవునండి. వచ్చే దసరాకి బొట్టు పిడికి పెట్టండి."

"అన్యాయంగా వాడి మీద నింద వేశాను. నన్ను కూడా ఓ మాట తిట్టు బాబూ. లేకపోతే నాకు అన్నం సయించదు."

ఉమాకాంతం నోరు తెరిచాడు. చెవులు ఎర్రబడ్డాయి. మజ్జిగ గడగడా తాగేసి, ఆవిడకి దణ్ణం పెట్టి, గబగబా మెట్లు దిగి బుల్లిబాబు మీద విరుచుకుపడ్డాడు.

"అంత పెద్దావిడ చేత మజ్జిగ మోయిస్తావుటయ్యా! బుద్ధుందా నీకు?"