యాదమ్మకు నార్మల్ అన్నాం

2022లో నేను ఉప్పల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో క్యాథ్ ల్యాబ్ నర్సుని. క్యాథ్ ల్యాబ్ అంటే మణికట్టు నుంచి సన్నని గొట్టం పంపి, రంగు మందు ఎక్కించి, గుండె రక్తనాళాలను తెర మీద చూసే గది. ఆ పరీక్షే యాంజియోగ్రామ్. బ్లాకులు లేవని తేలితే ఇంటివాళ్లు సంబరంగా స్వీట్ డబ్బా తెచ్చి మాకు పంచుతారు. అలా నేనెన్ని మైసూర్‌పాక్‌లు తిన్నానో నాకే తెలియదు.

యాదమ్మకు నలభై ఆరేళ్లు. నాచారంలో బిస్కెట్ల ఫ్యాక్టరీలో అట్టపెట్టెలు మోసే పని. రెండు పెట్టెలు ఎత్తేసరికి ఛాతీ పట్టేసేది. కూర్చుని చేసే పనికి మార్చమంటే సూపర్‌వైజరు డాక్టరు కాగితం తెమ్మన్నాడట. యాంజియోగ్రామ్ చేశాం. మా డాక్టరు తెర వంక చూసి, "క్లీన్" అని గ్లవ్స్ తీసేశాడు.

అరగంటలో ఆమె భర్త నర్సింహ స్వీట్లతో వచ్చాడు.

"అంత నార్మలే అన్నా, ఫికర్ జెయ్యకున్రి," అన్నాను, ముక్క నోట్లో వేసుకుంటూ.

"మరి గీ నొప్పి ఏంది సిస్టర్? ఇప్పుడు గూడ ఉన్నది," అంది యాదమ్మ మంచం మీంచి.

"గ్యాస్ అయ్యుంటది. మనసుల పెట్టుకోకు."

ఆ రిపోర్టు చూసి సూపర్‌వైజరు ఆమెను పెట్టెల దగ్గరే ఉంచాడు. ఎనిమిది నెలలకు అక్కడే కుప్పకూలితే స్ట్రెచర్ మీద మా దగ్గరికే తెచ్చారు. ఈసారి చూసింది కొత్తగా చేరిన డాక్టరమ్మ. పెద్ద నాళాల్లో మళ్లీ ఏమీ కనబడకపోయినా ఆవిడ ఆగలేదు. ఆడవాళ్ల గుండె నాళాలు సాధారణంగా మగవాళ్లకంటే సన్నగా ఉంటాయట. వాటి నుంచి చీలే మరీ చిన్న నాళాలు తెర మీద కనబడవు. పని పెరిగినప్పుడు అవి సరిగా విప్పారకపోవడం ఆడవాళ్లలోనే ఎక్కువగా చూస్తామని చెప్పి, సన్నని తీగ పంపి రక్తప్రవాహం కొలిచింది. మైక్రోవాస్క్యులర్ యాంజైనా, అంటే చిన్న నాళాల వల్ల వచ్చే గుండెనొప్పి. గుండె కండరం అప్పటికే కొంత దెబ్బతింది.

"మీరే నార్మల్ అంటిరి గద సిస్టర్," అన్నాడు నర్సింహ. "పని దొంగవని నేను గూడ తిట్టిన."

సిగ్గుతో చచ్చిపోయాను. మా డాక్టరు మీద, అంతకంటే నా మీద ఒళ్లు మండింది.

యాదమ్మ మాత్రం సంతోషంగా ఉంది! "జబ్బున్నదని కాయితం మీద రాసిన్రా సిస్టర్? జర ఆయనకు ఇనబడేటట్టు సదువున్రి."

చదివాను. ఆమె కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది.

ఇప్పుడు నేను ఎవరికీ నార్మల్ అని చెప్పను. పెద్ద నాళాల్లో అడ్డు లేదు, నొప్పి పోకపోతే మళ్లీ రండి అంటాను. స్వీట్ డబ్బాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. మూత తీయకముందే మంచం దగ్గరికి వెళ్లి, నొప్పి తగ్గిందా అమ్మా అని అడుగుతాను.