అమ్మోరికి పాడిన సినిమా పాట

నా చిన్నప్పుడు మా సందు మొత్తానికి ఒకటే రేడియో. భిలాయి క్యాంప్ ఒకటిలో ఇళ్ళన్నీ గోడకు గోడ ఆనించుకుని ఉండేవి కాబట్టి, అది పక్కింటి అక్క గూట్లో మోగినా మా ఇంట్లో మోగినట్టే. ఆ అక్క మాకు చుట్టమేమీ కాదు. వాళ్ళాయన ఉక్కు ప్లాంటులో క్రేను నడిపేవాడు. అక్క ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన మనిషి కావడంతో ప్రతి మాటకీ ముందు ఒక ‘అరే’ తగిలించేది. మధ్యాహ్నం పనులయ్యాక రేడియో మీద కప్పిన కుట్టుపువ్వుల గుడ్డ తీసి మీట తిప్పేది. నేను పీట వేసుకుని గోడకు చెవి ఆనించి కూర్చునేదాన్ని.

ఆ గొంతుల గురించి ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. ఇప్పుడు పాట చేతిలో ఉంటుంది, ఎన్నిసార్లంటే అన్నిసార్లు తిప్పి వింటారు. మాకు పాట వచ్చినప్పుడే వినాలి, మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఆ పాడేవాళ్ళ మొహాలు మేమెరగం. మద్రాసులో ఒకావిడ పాడేది, పంటి కింద పటికబెల్లం కరిగినట్టుండేది ఆ గొంతు. ప్రియుణ్ణి రమ్మని బతిమాలే పాట ఒకటి ఆవిడది నాకు ప్రాణం. అదేం ఖర్మో, అది ఎప్పుడు వచ్చినా రెండో చరణం దగ్గర కరెంటు పోయేది, లేకపోతే అమ్మ నీళ్ళకు పిలిచేది. ఆ రెండో చరణం ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు.

అలాంటిది, ఆవిడే భిలాయి వస్తోందని తెలిసింది. తెలుగువాళ్ళంతా కలిసి మైదానంలో కచేరీ పెట్టిస్తున్నారట. నాన్న తీసుకెళ్తానన్నాడు. నేను గౌను ఉతికించుకుని, మడత పెట్టి, తలగడ కింద పెట్టుకున్నాను. కచేరీ ఇంకో మూడు రోజులుందనగా నాకు ఒళ్ళంతా పొక్కులు లేచాయి.

“అమ్మోరు పోసింది,” అంది మా మామ్మ, నాన్నను కన్న తల్లి. అన్నదే తడవు చెంపలు వేసుకుంది.

ఇక చూడండి నా అవస్థ. గుమ్మానికి వేపమండలు కట్టారు. వంటలో తాలింపు బంద్. కిటికీ మూసేశారు. ఎండాకాలం, పైన సిమెంటు రేకులు, కింద వేపాకుల పక్క, గోకుదామంటే చేతులు పట్టుకునేవాళ్ళు. ఇంట్లోవాళ్ళెవరూ ఊళ్ళో వేడుకలకు వెళ్ళకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. మూడు వేపనీళ్ళ స్నానాలయ్యేదాకా నేను ఆ గది దాటకూడదు. అమ్మవారు నాలోనే ఉందని మామ్మ నన్ను పేరు పెట్టి పిలవడం కూడా మానేసింది. “ఏటి కావాల తల్లీ?” అని చేతులు కట్టుకుని అడిగేది.

“రేడియో కావాలి,” అన్నాను.

“అది తల్లి అడిగినది కాదు, గుంట అడిగినది. అమ్మోరు ఇంట్లో కూకున్నప్పుడు సినిమా పాటలేటే? కోపమొస్తాది!” అని, పక్కింటి అక్కకు కూడా రేడియో పెట్టొద్దని గోడ మీంచే కేకేసింది. గోడ అవతల కూడా నోరు మూతపడింది. దేవతనని దండాలు పెడుతూనే నా మాట ఒక్కటీ చెల్లనివ్వలేదు మా మామ్మ.

కచేరీ సాయంత్రం సందంతా ఖాళీ అయిపోయింది. చెప్పుల చప్పుళ్ళు, నవ్వులు దూరమయ్యాయి. మైదానంలో మైకు ఉందన్న మాటే గానీ, మూసిన కిటికీ సందులోంచి నాకు చేరింది చప్పట్లే. ఆవిడ పాడుతోంది, జనం చప్పట్లు కొడుతున్నారు, మధ్యలో ఉండాల్సిన పాట నాకు లేదు. గోడవైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మవారు ఏడుస్తోందనుకుని మామ్మ భయపడి చల్ల పోసిన అన్నం తెచ్చింది. నేను తినలేదు.

మర్నాడు పొద్దున్నే పక్కింటి అక్క కాళ్ళు కడుక్కుని, తడి జుట్టుతో, చేతిలో వేపకొమ్మతో మా గడప అవతల కూర్చుంది. “అరే మామ్మా, రాత్రి నుంచి పాప తిండి తినలేదట. తల్లికి పాట కావాలేమో. అమ్మోరి పాటైతే తప్పు లేదు కదా?” అంది. అమ్మోరి పాటే కదా అని మామ్మ పాడమంది.

అక్క కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. మొదటి ముక్కకే నేను పక్క మీద లేచి కూర్చున్నాను. అది నా పాట! బాణీ అంతా అదే, మాటలు మాత్రం వేరు. ప్రియుణ్ణి రమ్మన్న చోటల్లా అమ్మవారిని చల్లగా వెళ్ళి రమ్మంటోంది. పల్లవి, మొదటి చరణం, ఆ తర్వాత నేనెన్నడూ వినని రెండో చరణం. అది పైకి పైకి వెళ్ళి, ఒక్కసారిగా మెత్తగా దిగింది. అక్కది పాడే గొంతు కాదు, పై స్థాయిలో జీరపోయింది కూడా. రాత్రంతా కచేరీలో కూర్చుని ఆ ఒక్క చరణాన్నీ పోనివ్వకుండా మోసుకొచ్చింది నాకోసం. ఆ గది నాలుగు గోడలూ ఉన్నచోటే ఉన్నాయి గానీ, నాకు ఊపిరాడింది.

మామ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని దండం పెట్టింది. “ఎంత బాగున్నాదే! ఏ ఊరి పాటే ఇది?”

“మా అమ్మమ్మ పాడేది మామ్మా, పార్వతీపురం దగ్గర,” అంది అక్క, తొణక్కుండా.

“అదే అనుకున్నాను. మా ఊర్లోనూ పాడీవోరు. నాను చిన్నప్పుడు విన్నాను!”

అక్క నావైపు చూసి కన్ను గీటింది. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మూడు స్నానాలూ అయ్యాయి, గది దాటాను. మా మామ్మ మాత్రం ఆ పాటను వదల్లేదు. ఎవరింట్లో అమ్మవారు పోసినా వెళ్ళి నేర్పేది. కొన్నేళ్ళకు క్యాంపులో ఉత్తరాంధ్ర ఆడవాళ్ళంతా అది పూర్వకాలపు పాట అనుకుని పాడేవారు. నేను నోరు విప్పలేదు. అక్క ప్లాంటువాళ్ళ రిసాలి క్వార్టర్లకు మారిపోయాక, ఆ సంగతి తెలిసినదాన్ని ఇక్కడ నేనొక్కదాన్నే మిగిలాను.

మూసిన గదిలో ఎవరైనా ఉన్నారని తెలిస్తే నేను తలుపు తీయించడానికి పోట్లాడను, నాకు అంత బలం లేదు. గడప దగ్గర కూర్చుని, లోపలికి ఏది వెళ్ళనిస్తారో కనుక్కుని, దానిలోనే వాళ్ళకు కావలసింది పెట్టి ఇస్తాను. ఇది అక్క నేర్పిందే. అసలు పాట తర్వాత చాలాసార్లు విన్నాను, ఆ మద్రాసు గొంతులోనే, రెండో చరణంతో సహా. ఇప్పటికీ టీవీలో వస్తుంటుంది. తెర మీద కథానాయిక చెట్టు చాటున సిగ్గుపడుతూ ప్రియుణ్ణి పిలుస్తుంది. మా మనవరాళ్ళు నన్ను చూసి పడీ పడీ నవ్వుతారు. ఎందుకంటే, ఆ పాట మొదలవగానే నా చేతులు రెండూ వాటంతటవే జోడించుకుంటాయి.